లేని గెడ్డకు అనుమతి: మా పాత గోల్ఫ్ మైదానం బాగుచేతలో నా అనుభవం

మొన్న బుధవారం రాత్రి కురిసిన వానకు మా గోల్ఫ్ మైదానంలో ఆరో హోల్ ముందున్న గెడ్డ (మా వైపు వాగును ఇలా అంటాం) దాదాపు నలభై ఏళ్ళ తరువాత మళ్ళీ పారింది. తెల్లవారకముందే గొడుగు వేసుకుని వెళ్ళి, గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాను. ఆ నీటి కోసం పద్నాలుగు నెలల పాటు ఒక కార్యాలయం మెట్లు ఎక్కి దిగినవాణ్ణి కనుక, సంతోషమూ కోపమూ రెండూ ఆరకముందే ఈ అనుభవం రాసిపెడుతున్నాను. ఊరి పేరు, క్లబ్బు పేరు, ఆ కార్యాలయం పేరు రాయను. ఆ మెట్లు నేను ఇంకా ఎక్కవలసే ఉంది.

మాది తొమ్మిది హోల్స్ మైదానం. బంతిని పడవేయవలసిన గుంట, దాని దాకా బంతిని కొట్టుకుంటూ వెళ్ళే నేల కలిపి ఒక హోల్. 1829లో మొదలైన రాయల్ కలకత్తా, 1876 నాటి బెంగళూరు క్లబ్బుల వలె చరిత్రకెక్కినది కాదు. తెల్లదొరలు సాయంకాలాలు గడపడానికి సముద్రపు గాలి తగిలే ఎర్రమట్టి దిబ్బల మీద గీసుకున్నది. అప్పట్లో చుట్టూ జీడితోటలు ఉండేవట. ఇప్పుడు ఒక పక్క అపార్ట్‌మెంట్లు, ఒక పక్క కల్యాణమండపం, ఇంకో పక్క బస్సుల డిపో ఉన్నాయి. నీటి వసతి లేని రోజుల్లో మన దేశంలోని చాలా మైదానాలకు మల్లే ఇక్కడా గుంట చుట్టూ పచ్చగడ్డి గ్రీన్లకు బదులు బ్రౌన్లు ఉండేవి. అంటే ఇసుకలో వాడేసిన ఇంజనాయిలు కలిపి, రోలరుతో తొక్కించి, బంతి దొర్లేటట్టు చదును చేసిన గుండ్రటి చోట్లు. క్లబ్బు గదిలో గోడకు వేలాడే పాత నీలిరంగు పటంలో ఇవన్నీ ఉన్నాయి. ఆరో బ్రౌన్ ముందు వంకరగా ఒక గీత, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ‘గెడ్డ’ అన్న మన మాట కూడా ఉన్నాయి. బంతిని ఆ నీటి మీదుగా దాటించడంలోనే ఆ హోల్ పరీక్షంతా ఉండేది.

ఎగువన కాలనీ లేచినప్పుడు ఆ గెడ్డను రాళ్ళతో, ఇళ్ళు కట్టగా మిగిలిన శిథిలాలతో పూడ్చారు. నీటికి మాత్రం దారి మరిచిపోవడం రాదు. ఏటా వానాకాలంలో ఆరు, ఏడు హోల్స్ నెలరోజులు చెరువయ్యేవి, నీరు ప్రహరీ దాటి దిగువ వీధిలోకి పోయేది. మైదానం బాగోగులు చూసే గ్రీన్స్ కమిటీ కన్వీనరు పని నెత్తిన పడ్డ తరువాత నేను పెట్టుకున్న ఆలోచన ఒక్కటే: పాత పటంలో ఉన్నది ఉన్నట్టుగా తిరిగి తేవాలి, అందులో గెడ్డ కూడా ఉండాలి. బయటినుంచి తెచ్చిన కన్సల్టెంటు మోటార్లు పెట్టి నీళ్ళు తోడమన్నాడు. ఆ సలహాకు అతను తీసుకున్న రుసుముతో ఒక గ్రీను వేయవచ్చు. కమిటీలో ఒక పెద్దమనిషి ఆ పల్లంలో ఈతకొలను కట్టిద్దామన్నారు. ఆయన గురించి ఇంతకంటె రాయకపోవడమే మర్యాద.

తేలికగా జరిగినవి ముందు చెప్పేస్తాను. సర్వసభ్య సమావేశం ఒక్క పూటలో తీర్మానం చేసింది. మా బోర్లలో ఉప్పు పెరిగింది కనుక శుద్ధి చేసిన మురుగునీరు కావాలని అడిగితే మూడు వారాల్లో ఇచ్చారు. తరువాతి కాలంలో నాటగా గ్రీన్ల మీద పడే ఎండకు అడ్డమైన సరుగుడు చెట్ల సంగతి రెండు సంతకాలతో తేలిపోయింది.

మిగిలింది గెడ్డ.

దీనిలో మొదటి తప్పు నాదే, దాచను. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ నా ఉత్తరాల తెలుగును నలుగురూ మెచ్చుకునేవారు. ఆ గర్వంతో దరఖాస్తులో ఒక్క ఇంగ్లీషు మాట కూడా దొర్లకూడదని పంతం పట్టి, ‘మైదానంలోని ఆరవ రంధ్రం ఎదుట పూర్వం ప్రవహించిన గెడ్డను పునరుద్ధరించుకొనుటకు అనుమతి కోరుట గురించి’ అని విషయం రాశాను. నలభై ఏడు రోజుల తరువాత వెళ్ళి వాకబు చేస్తే, నా కాగితం బోరుబావుల విభాగంలో ఉన్నట్టు తెలిసింది. ‘రంధ్రం’ అన్న మాట చూసి అక్కడికి పంపారట. ఆ విభాగం వారు తమ నమూనా పత్రం ఒకటి ఇచ్చి, రంధ్రం వ్యాసం, లోతు నింపమన్నారు. ఇది బోరు కాదని ఎంత చెప్పినా గుమాస్తా తల ఎత్తలేదు. విసుగెత్తి ఉన్న నిజమే రాశాను: గోల్ఫు ఆట నిబంధనల ప్రకారం రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు, లోతు కనీసం 4 అంగుళాలు. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. నాలుగంగుళాల లోతున భూగర్భజలం లభ్యమయ్యే అవకాశం లేదు గనుక దరఖాస్తు తిరస్కరించడమైనదని అందులో ఉంది.

ఆ జవాబు పట్టుకుని సూపరింటెండెంటు గారి వద్దకు వెళ్ళిన రోజు నేను జన్మలో మరువను. సోమవారం, గది నిండా జనం. ఆయన నన్ను కూర్చోమనలేదు. నా దరఖాస్తును, దానికి వచ్చిన జవాబును చేతిలోకి తీసుకుని, అందరికీ వినబడేటట్టు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. “మాస్టారూ, ఊరంతా తాగునీళ్ళకి బిందెలు పట్టుకుని తిరుగుతుంటే, తమరు రంధ్రం దగ్గర గెడ్డ కావాలంటున్నారా?” అన్నారు. గది గొల్లుమంది. పింఛను కాగితం కోసం వచ్చిన ఒక ముసలామె కూడా, విషయం తెలియకపోయినా, పదిమందితో పాటు నవ్వింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ముప్ఫై నాలుగేళ్ళు ఇతరుల దరఖాస్తుల మీద సంతకాలు చేసిన నేను, ఆ గది మధ్యలో చేతిసంచి గుండెకు అదుముకుని నిలబడి, ఏదో ఒకటి అనాలి గనుక, “హోల్ అండీ, గోల్ఫు హోల్” అన్నాను. అదే ముందు రాసి ఉండవలసిందని ఆయన అనడం, ఆ మాటలో న్యాయం ఉండడం నన్ను మరింత బాధించాయి. ఆ సాయంకాలం ఇంట్లో అన్నం సహించలేదు. ఆటలో వాడుక మాట ఏదో దరఖాస్తులోనూ అదే రాయండి. భాషాభిమానం చూపడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

రెండో దరఖాస్తుకు ఎదురైనది ఇంతకంటె వింత. పట్టణ సర్వే రిజిస్టరులో ఆ చోట రోడ్డు అని ఉంది. కాబట్టి అక్కడ గెడ్డ లేదు, లేని గెడ్డను పునరుద్ధరించడానికి అనుమతి ఇవ్వజాలమని ఒక సీటు రాసింది. అదే పేజీలో, వేరే సిరాతో, ప్రతిపాదిత స్థలం జలవనరు అయినందున నిబంధనల మేరకు ఇరువైపులా ఖాళీ వదిలి, నీటిపారుదల వారి నిరభ్యంతర పత్రం జతపరచవలెనని ఇంకొక సీటు రాసింది. ఇద్దరూ ఎదురెదురు బల్లల వద్ద కూర్చుంటారు. ఒకే కారియరులోని పులిహోర పంచుకుని తినడం నేను కళ్ళారా చూశాను. ఉంటే ఉందని, లేకపోతే లేదని ఏదో ఒకటి రాయండని బతిమాలితే, “ఎవరి సీటు రిమార్కు వారిదండీ” అన్నారు. ఆ ఇద్దరి మధ్య ఆ ఫైలు తిరిగిన కాలం ఏడు నెలలు.

ఎక్కడైనా ఆట కోసం కాలువలు తవ్వుతారా అని అడిగినవారికి చూపించడానికి కొన్ని ఫోటోలు ఫోనులో పెట్టుకున్నాను. గోల్ఫుకు పుట్టిల్లనదగ్గ సెయింట్ ఆండ్రూస్ పాత మైదానంలో, ఊరి అంచునే, మొదటి గ్రీను ముందు నుంచి స్విల్కన్ అనే చిన్న వాగు పారుతుంది. దాని మీది రాతి వంతెన ఫోటో చూపితే, “అది స్కాట్లాండు సార్” అన్నారు. మా అమ్మాయి ఉండే ఫిలడెల్ఫియాలో కాబ్స్ క్రీక్ అని 1916లో హ్యూ విల్సన్ గీసిన మునిసిపల్ మైదానం ఉంది. నల్లజాతివారిని గోల్ఫు మైదానాల గేట్ల వద్దే ఆపే కాలంలో వారిని ఆడనిచ్చిన చోటు అది. 1961లో అమెరికా వృత్తి ఆటగాళ్ళ పోటీలైన పీజీఏ టూరు సభ్యత్వం పొందిన తొలి నల్లజాతి ఆటగాడు చార్లీ సిఫర్డ్ యౌవనంలో ఆడిన నేల. వాగు పొంగి గట్లు కోసుకుపోతూ ఏళ్ళ తరబడి దెబ్బతిని, 2020లో మూతపడింది. వాగు గట్లను సరిచేసి, వరద నీరు పరుచుకోవడానికి చిత్తడి నేలలు ఏర్పరచడం అక్కడి పునరుద్ధరణలో పెద్ద భాగం. నీటికి దాని చోటు ఇవ్వకుండా గ్రీన్లు వేయడం వృథా అని ఆ కంచె బయట నిలబడి చూసినప్పుడే నాకు అర్థమైంది. ఇది చెబితే, “అది అమెరికా సార్” అన్నారు. కలవారి ఆటకు ఊరి మధ్య ఇంత నేల ఎందుకని అడిగేవారికి నా వద్ద పూర్తి జవాబు లేదు. అయితే ఆ నేల మీద కాంక్రీటు పోసి ఉంటే దిగువ వీధికి మోకాటి లోతు కాదు, నడుము లోతు నీరు వచ్చేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

చివరకు నన్ను ఒడ్డుకు చేర్చింది సమాచార హక్కు చట్టం, ఒక ముసలి క్యాడీ (ఆటగాళ్ళ సంచి మోసే మనిషి). పది రూపాయల రుసుముతో, పట్టణ సర్వేకు ముందున్న పాత ఎఫ్‌ఎంబీ పటం (భూమి కొలతల పటం), డైగ్లాటు రిజిస్టరు (ఏ నేల ఏ రకమో రాసిన పాత భూమి రిజిస్టరు) నకళ్ళు అడిగాను. చట్టం చెప్పిన ముప్ఫై రోజుల్లో ఇరవై తొమ్మిదో రోజున వచ్చాయి. డైగ్లాటులో స్పష్టంగా ‘గెడ్డ పోరంబోకు’ అని ఉంది. ఈ సలహా ఒక్కటి పాటించండి: ఏ పాత స్థలం జోలికి వెళ్ళినా ముందు డైగ్లాటు నకలు తెచ్చుకుని, ఆ తరువాతే ఏ బల్ల వద్దకైనా వెళ్ళండి. నేను అలా చేయక, తిరగలిలా బల్లల చుట్టూ తిరిగాను.

స్థల తనిఖీకి సర్వేయరు గారు గొలుసువాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. మాది పాత లింక్స్ కోర్సని నేను నోరు జారితే, ఆయన పెన్ను తీసి, “ఎన్ని లింకులు?” అన్నారు. గోల్ఫువారి లింక్స్ సముద్రతీరపు ఇసుక దిబ్బల నేల. సర్వేవారి లింకు అరవై ఆరు అడుగుల గొలుసులో నూరో వంతు. ఈసారి నవ్వింది నేను. అయితే ఆ లింకులే మమ్మల్ని కాపాడాయి. పాత పటంలోని లింకుల లెక్కన కొలుచుకుంటూ వెళితే, ఎవరూ ఊహించనంత కచ్చితంగా శిథిలాల గుట్ట కింద గెడ్డ వంపు తగిలింది. కొలత ముగియకముందే మా క్యాడీ తాత కర్రతో ఒక చోట పొడిచి, “ఇక్కడే బాబూ రేవు. సిన్నప్పుడు ఈ గెడ్డలో మునిగి బంతులు తీసి ఆఫీసర్లకి అమ్మీవోళ్ళం. బంతికి బేడ ఇచ్చీవారు” అన్నాడు. బేడంటే రెండణాలు. అక్కడ తవ్విస్తే మూడు అడుగుల కింద రాతి మెట్లు బయటపడ్డాయి. సర్వేయరు గారు ఆ మెట్ల మీదే కూర్చుని పంచనామా రాశారు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కార్యాలయంలో ఉన్నప్పుడు ఆయన కూడా మామూలుగా మాట్లాడలేదు గానీ, ఎండలోకి వచ్చేసరికి మనిషి అయ్యారు.

అనుమతి మార్చిలో వచ్చింది. తవ్వకం మే నెలలో ముగిసింది.

గ్రీన్ల పని దీనితో పోలిస్తే పండగే. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రచురించిన పద్ధతిలో అడుగున గొట్టాలు, వాటి మీద 100 మిల్లీమీటర్ల కంకర, ఆపైన 300 మిల్లీమీటర్ల ఇసుక పరిచాం. గడ్డి అమ్మే కంపెనీ మనిషి ఏదేదో విదేశీ రకం అంటగట్టబోయాడు. బెర్ముడా గడ్డి అని ఆ లోకమంతా పిలిచేది మనం వినాయకుడికి వేసే గరికే అని అతనికి నేనే చెప్పవలసి వచ్చింది. ఫెయిర్‌వేలకు, అంటే గ్రీను దాకా సాగే పచ్చికకు, స్థానికంగా దొరికిన గరికే నాటించాను. గ్రీన్లకు మాత్రం గరికకూ ఆఫ్రికా జాతి గడ్డికీ పుట్టిన టిఫ్‌డ్వార్ఫ్ వేశాం. దానికి విత్తనం ఉండదు కనుక పిలకలు నాటాలి. పటంలో ఉన్నట్టు తొమ్మిదీ బ్రౌన్లే కావాలని పట్టుబట్టిన ఒక సభ్యుడి కోసం, నూనె లేకుండా ఉత్త ఇసుకతో క్లబ్బు గది పక్కన ఒక బ్రౌను ఉంచాను. ఆయన తప్ప ఎవరూ దాని మీద ఆడరు. ఆయన మాత్రం రోజూ ఆడతారు.

గురువారం ఉదయం ఆరో హోల్ వద్ద తొలి బంతి నేనే కొట్టాను. సూటిగా గెడ్డలో పడింది. తాత ఒడ్డున నిలబడి, బేడకు ఇప్పుడెంత ఇస్తారని అడిగాడు.

శుక్రవారం టపాలో ఆ కార్యాలయం నుంచి ఒక నోటీసు వచ్చింది. జలవనరుకు అతి సమీపంలో, వదలవలసిన ఖాళీ స్థలంలో, ఆరవ రంధ్రం అనే కట్టడం ఏ అనుమతితో నిర్మించారో పదిహేను రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలట. ‘రంధ్రం’ అన్న మాట నా మొదటి దరఖాస్తు నుంచే తీసుకున్నారు. సోమవారం డైగ్లాటు నకలు, నీలిరంగు పటం, తాతను వెంటబెట్టుకుని వెళ్తున్నాను.