కామెలన్: కాలువ గట్టు ఊరు

స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్‌లో కామెలన్ ఇప్పుడొక పేట. ఒకప్పుడు కొలిమి పెట్టుకుని మేకులు కొట్టేవాళ్ల సొంత ఊరు.

ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ 1790లో పూర్తయింది. 1822లో ఎడిన్‌బరో నుంచి యూనియన్ కాలువ వచ్చి చేరింది. చిక్కేమిటంటే అది 35 మీటర్లు ఎత్తున ఉంది. అందుకే మెట్లలా 11 లాకులు కట్టారు. పైకెక్కాలంటే పడవ లోపలికి రాగానే కింది తలుపులు మూసి, పై తూము ఎత్తి నీళ్లు వదలాలి. మట్టాలు సమానమయ్యాకే పై తలుపులు తెరుచుకుంటాయి. కాస్త తేడా ఉన్నా నీటి బరువుకి అవి కదలవు, ఎంత తోసినా అంతే! 11 సార్లు ఇదే తంతు, దాదాపు పగలంతా. 1933లో ఆ లాకులు మూతపడ్డాయి.

2002లో వచ్చిన ఫాల్కిర్క్ వీల్, అంటే రెండు నీటి తొట్లతో చక్రంలా తిరుగుతూ పడవల్ని ఎత్తి దించే యంత్రం, 24 మీటర్లు ఎత్తుతుంది. పడవ తన బరువంత నీటిని బయటికి నెట్టేస్తుంది కాబట్టి, మట్టం సమానంగా ఉంటే రెండు తొట్ల బరువూ ఒకటే. అరచుట్టుకి ఒకటిన్నర యూనిట్ల కరెంటు చాలు. మిగతా 11 మీటర్లకి పైన 2 లాకులు తప్పలేదు, ఎందుకంటే కాలువ రోమన్ల ఆంటొనైన్ గోడ కింద సొరంగంలోంచి పోవాలి.

అందరూ వీల్ దగ్గరే ఫొటోలు దిగుతారు. పాత లాకులు ఎక్కడ మొదలయ్యేవో చూడాలంటే మాత్రం కామెలన్‌లో ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ 16వ లాకు పక్కనున్న యూనియన్ ఇన్ అనే పబ్ దగ్గరికి వెళ్లాలి. పోర్ట్ డౌనీ రేవు అక్కడే ఉండేది, ఇప్పుడు పూడిపోయింది.