మేక మెచ్చితేనే పని పూర్తయినట్టు

బెంగళూరుకు తూర్పున, హొసకోట దాటి మాలూరు వైపు వెళ్లే దారిలో, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే కుటుంబాలున్న పల్లెలు చాలా ఉన్నాయి. మా పుట్టిల్లు అలాంటి ఒక పల్లెలో ఉంది. అన్నయ్య అక్కడ రాగులు, టమాటా పండిస్తాడు. కొంత మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచుతాడు. పాడి ఆవులు, నాలుగైదు మేకలు, వదిన చూసుకునే నాటుకోళ్లు ఇంటి వెనక ఉంటాయి. పీయూసీలో, అంటే ఇంటర్‌లో, చేరిన వాళ్ల అబ్బాయి, ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి కొంతకాలంగా తీరిక దొరికినప్పుడల్లా చెక్కపని చేస్తున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ సెలవులకు ఊరికి వెళ్లి వచ్చే మేనత్తను మాత్రమే. అయినా వాళ్ల పనిని దగ్గరగా చూస్తున్న కొద్దీ, నగరంలో మనం పిల్లల చేత చేయిస్తున్న ఇలాంటి పనులకూ దీనికీ ఉన్న తేడా ఏమిటో రాసిపెట్టాలనిపించింది.

మేముండే వైట్‌ఫీల్డ్ ప్రాంతంలో వారాంతాల్లో పిల్లలకు చెక్కపని నేర్పే తరగతులు జరుగుతుంటాయి. ముందే కొలతకు కోసి, రంధ్రాలు చేసి ఉంచిన ముక్కలను పిల్లలు అతికించి, గరుకు కాగితంతో నునుపు చేసి, సాయంత్రానికి ఒక ఫోన్ స్టాండునో పెన్నుల పెట్టెనో ఇంటికి తెచ్చుకుంటారు. దాన్ని నేను తక్కువ చేయను. రోజంతా తెర ముందు కూర్చోవడం కంటే అది నూరు రెట్లు మేలు. అయితే ఆ పెన్నుల పెట్టెను చూసి బాగుందనడం తప్ప తల్లిదండ్రులకు వేరే దారి ఉండదు. సేద్యం చేసే ఇంట్లో పిల్లల పనికి అంత దయగల పరీక్షకులు దొరకరు. అక్కడ ఆ వస్తువును వాడేది మేక, కోడి, లేదా తెల్లవారకముందే లేచి పాలు పితికే వదిన. నచ్చని వస్తువును మేక మర్యాద కోసమైనా మెచ్చుకోదు.

పిల్లలు చేసిన వాటిలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించినది మేకల మేత తొట్టి. మేకలు పెంచని వారికి ఇక్కడ కొంత వివరించాలి. నేలమీద పడి కాళ్ల కింద నలిగిన మేతను, పెంట అంటుకున్న ఆకును మేక ముట్టదు. ఎంత ఆకలి మీద ఉన్నా మూతి తిప్పుకుంటుంది. ఆ మేతను నేలమీదికి లాగి పారేసేది కూడా తానే. పైగా పెంట కలిసిన మేత వల్ల కడుపులోని పురుగులు ఒక మేక నుంచి మరొక మేకకు చేరతాయి. కాబట్టి మేత నేలకు ఎత్తుగా ఉండాలి, తల మాత్రమే లోపలికి వెళ్లాలి, కాళ్లు వెళ్లకూడదు. చెప్పడానికి ఇది ఎంతో సులువు. పిల్లలు మొదట చేసినది నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన మూతలేని పెట్టె. దాన్ని పెట్టిన పూటే పిల్లమేక ఒకటి అందులోకి ఎక్కి పడుకుంది. తర్వాత ముందు వైపు నిలువు పట్టీలు కొట్టి, వాటి సందుల్లోంచి తల దూర్చేలా మార్చారు. అప్పుడు పడుకోవడం ఆగింది గాని, నోటినిండా కరచుకున్న గడ్డితో తల వెనక్కి లాగడం, సగం కింద పారేయడం ఆగలేదు.

చివరికి కుదిరిన ఆకారం వేరు. ముందు పలకలో పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే సందులు కోశారు. మేక తల పైకెత్తి వెడల్పు భాగంలోంచి లోపలికి దూర్చి, మెడను సన్నని భాగంలోకి దించి తింటుంది. బయటికి రావాలంటే మళ్లీ తల పైకెత్తాలి కనుక, ఊరికే వెనక్కి జరుగుతూ గడ్డి లాగేయడానికి వీలుపడదు. సందు ఎంత ఉండాలో తేల్చడానికి అమ్మాయి ఒక్కొక్క మేక మెడ చుట్టూ, కొమ్ముల మధ్య పురికొస పెట్టి కొలిచింది. కొమ్ములు పెరుగుతాయని అబ్బాయి గుర్తుచేస్తే పై వెడల్పును కొంచెం పెంచారు. బడిలో కొలతల పాఠం చెప్పేటప్పుడు కొలతకు ఇంత అవసరం ఎప్పుడైనా కనిపించిందా అని నాకు సందేహం.

ఆ తొట్టికి వాడిన చెక్క కర్మాగారాల్లో సరుకు కింద వేసే ప్యాలెట్లది. బెంగళూరు చుట్టుపక్కల పారిశ్రామిక వాడల్లో పాత ప్యాలెట్లను చవకగా అమ్మేస్తుంటారు. ఎక్కువగా పైన్ చెక్క. పశువులు వాడే వస్తువుకు ఇలాంటి చెక్క తీసుకునేటప్పుడు దానిమీది ముద్ర చూడడం తప్పనిసరి. దేశాల మధ్య తిరిగే ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మతో పాటు రెండక్షరాల గుర్తు ఉంటుంది. హెచ్.టి. అని ఉంటే చెక్క లోపలి భాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండేలా కాచారని అర్థం; ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పురుగులను చంపారని అర్థం. మేకలు చెక్కను కొరుకుతాయి కనుక రెండో రకాన్ని, అసలు ముద్రే లేని వాటిని, ఏవో నూనెలు కారి మరకలు పడిన వాటిని పిల్లలు పక్కన పెట్టేశారు. ప్యాలెట్ల మేకులు మెలితిరిగి ఉండటం వల్ల పీకితే చెక్క చీలుతుంది. పలకల సందులోకి ఇనుము కోసే రంపపు బ్లేడు దూర్చి మేకునే కోసేయడం మేలని వాళ్లు తెలుసుకున్నారు.

సొంత పొలంలోని చెక్క కథ ఇంతకంటే పెద్దది. మా నాన్న గట్ల వెంబడి నాటిన సిల్వర్ ఓక్ చెట్లు ఇప్పుడు కోతకు వచ్చాయి. ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి కాఫీ, తేయాకు తోటలకు నీడ కోసం మన దేశానికి వచ్చిన ఈ చెట్టు, కర్ణాటక రైతుల గట్ల మీద ఇంతగా స్థిరపడటానికి చట్టం కూడా ఒక కారణమే. 1976 నాటి ఇక్కడి చెట్ల సంరక్షణ చట్టం ప్రకారం చాలా చెట్లను కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి; సిల్వర్ ఓక్, సరుగుడు, నీలగిరి, సుబాబుల్ వంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉంది. అన్నయ్య రెండు చెట్లు కొట్టించి, కోత మిల్లులో అంగుళం మందం పలకలుగా కోయించి, పిల్లలకు ఇచ్చాడు. అబ్బాయి ఆ వారమే బల్ల మొదలుపెడదామనుకున్నాడు గాని, పచ్చి చెక్కతో బల్ల చేయడం కుదిరే పని కాదు.

పచ్చి పలక ఆరుతున్న కొద్దీ కుంచించుకుపోతుంది. అది కూడా అన్ని వైపులా సమానంగా కాదు. పొడవునా దాదాపు మార్పు ఉండదు; మానులోని వలయాల వెంబడి కుంచించుకోవడం మాత్రం, గుండె నుంచి బెరడు వైపు కుంచించుకోవడానికి ఇంచుమించు రెట్టింపు. పలక దోనెలా వంగిపోయేది అందువల్లే. బెంగళూరు మల్లేశ్వరంలో కలప శాస్త్ర సాంకేతిక సంస్థ ఒకటి ఉంది. 1938లో అటవీ పరిశోధన ప్రయోగశాలగా మొదలై 1988లో ఇప్పటి రూపం పొందిన ఆ సంస్థలో ఇలాంటి గుణాలను జాతి జాతికీ పరీక్షిస్తారు. పల్లెలో ప్రయోగశాల లేదు, టమాటా బుట్టలు తూచే కాటా ఉంది. పిల్లలు పలకల మధ్య సమాన దూరంలో సన్నని కర్రలు పెట్టి, గాలి ఆడేలా పశువుల కొట్టం చూరు కింద పేర్చి, చివరలు ముందుగా ఆరి పగలకుండా వాటికి మిగిలిపోయిన రంగు పూశారు. గుర్తు పెట్టిన ఒక పలకను ఆదివారం ఆదివారం తూచి నోటుపుస్తకంలో రాస్తున్నారు. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. అంగుళం మందానికి ఏడాది అన్నది వడ్రంగుల మోటు లెక్క. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరుల వంటి వారి దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. మంచి ఆలోచనే, అయితే పది రోజుల్లో పలక బరువు ఎంత తగ్గుతుందో ఆ నోటుపుస్తకం చూస్తే తెలుస్తుంది.

వీళ్లకు పని నేర్పుతున్నది ఊళ్లోని ఆచారి తాత. నాగళ్లు, బండి చక్రాలు చేసిన చేతులవి; ట్రాక్టర్లు వచ్చాక ఆ పనులు పోయి, ద్వారబంధాలూ కిటికీలూ చేసి, ఇప్పుడు చూపు మందగించి మానేశారు. ఆయన మొదట నేర్పినది కోయడం కాదు, ఉలిని సాన పట్టడం. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, బలం పెట్టిన ఉలి జారితే చేతిలోకి దిగుతుంది అని ఆయన వాదం. పదును కుదిరాకే చిత్రిక ఇచ్చారు. పనిముట్లలో కొన్ని ఆయనవే. మిగిలినవి నేను బెంగళూరు ఎస్పీ రోడ్డులోని పనిముట్ల కొట్లలో కొని పంపాను. యంత్రాల విషయంలో మాత్రం నేను ఆయన కంటే పట్టుదలగా ఉన్నాను. నాపరాళ్లు కోసే చేతి యంత్రానికి చెక్క బ్లేడు బిగించి వాడే అలవాటు మన దగ్గర అంతటా ఉంది. అది పిల్లల చేతికి ఇవ్వదగిన వస్తువు కాదు, పెద్దలకైనా నేను వద్దంటాను.

అమ్మాయికి ఉలి ఇవ్వడానికి తాత మొదట కొంత తటపటాయించారు. దాని గురించి ఎవరూ వాదించలేదు. అమ్మాయి మా వదిన కోసం, అంటే వాళ్లమ్మ కోసం, పాలు పితికే పీట చేసి చూపించింది. కొట్టంలో నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక దానికి మూడే కాళ్లు పెట్టింది. ఎలాంటి నేల మీదైనా మూడు కాళ్లూ ఒకేసారి ఆనుతాయి. పలక వేపది, కాళ్లు నల్లతుమ్మవి. పలకలో బెజ్జాలు ఏటవాలుగా తొలవడమే ఇందులో కష్టమైన పని. కాలి కొసను బెజ్జంలోకి దిగ్గొట్టి, పైకి తేలిన చివరను చీల్చి, ఆ చీలికలో చెక్క ఆప్పు, అంటే కొస సన్నగా చెక్కిన చీల, బిగించింది. మేకు ఒక్కటీ లేదు. వదిన కూర్చుని చూసి ఎత్తు ఎక్కువైందంది. కాళ్లు తగ్గించాక ఇప్పుడు రోజూ వాడుతోంది. పీటకు అవిసె నూనె పట్టించారు. ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. పక్కనే గడ్డివాము ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు కనుక, వాటిని విడివిడిగా తీగ మీద ఆరబెట్టమని చెప్పాను. మేత తొట్టికి మాత్రం ఏ నూనే పూయలేదు. మరిగించిన అవిసె నూనె పేరుతో డబ్బాల్లో అమ్మేదానిలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు.

ఒకసారి వీళ్లను మైసూరు రోడ్డు మీద బెంగళూరుకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నపట్నానికి తీసుకెళ్లాను. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రే అక్కడి బొమ్మలకూ ఆధారం. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఒత్తితే, రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకోవడాన్ని అమ్మాయి కళ్లప్పగించి చూసింది. అబ్బాయి అలా కర్రను తిప్పుతూ చెక్కే తరిమెన యంత్రం ధర అడిగాడు. దానితో పొలానికి ఏం పని అని అన్నయ్య అడిగితే జవాబు దొరకక, ఆ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాడు.

ఇప్పుడు ఆరుతున్న సిల్వర్ ఓక్ పలకలకు అన్నయ్యే పని చూపించాడు: పట్టుపురుగులకు అంతస్తుల మంచె. మల్బరీని కొమ్మలతో సహా పరిచి మేపే పద్ధతికి ఐదడుగుల వెడల్పు మంచెలు అనువుగా ఉంటాయి. రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది. అయితే పంట పంటకూ బ్లీచింగ్ పొడి నీళ్లతో కడగాలి, దానికి మామూలు మేకులు త్వరగా తుప్పు పడతాయి. కాబట్టి విడదీసి కడిగి ఎండబెట్టుకునేలా బెజ్జాలూ ఆప్పులతోనే బిగించాలని అబ్బాయి అంటున్నాడు. పురుగుమందు గాలి సోకినా పట్టుపురుగులు చచ్చిపోతాయి, అందువల్ల చెదల మందు పూసిన చెక్కా వద్దు, రంగూ వార్నిషూ వద్దని అన్నయ్య ముందే తేల్చేశాడు. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాలి; నీళ్లలో నానితే చెక్క కాళ్లు కుళ్లిపోతాయి. మధ్యలో దిమ్మె ఉండి చుట్టూ నీళ్లు నిలిచే పళ్లేలను సిమెంటుతో పోసుకుని, కాలిని దిమ్మె మీద నిలబెడదామన్నది అమ్మాయి సూచన. అచ్చుగా వాడటానికి రెండు సైజుల ప్లాస్టిక్ డబ్బాలు పంపమని నిన్న ఫోన్ చేసింది.