నడక బాగానే ఉంది కదా అంటారు

న్యూజెర్సీలో నేను చేసే పనేంటో ఇంట్లోవాళ్ళకి ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. డాక్టర్ని కాదు, నర్సుని కాదు. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళ జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసే ఒక న్యూరోసైకాలజిస్ట్ (మెదడు పనితీరుని పరీక్షించే సైకాలజిస్ట్) దగ్గర, వచ్చినవాళ్ళకి పరీక్షలు పెట్టి మార్కులు వేస్తాను. "అయితే పిచ్చాళ్ళకా?" అంది మా పెద్దమ్మ. కాదు పెద్దమ్మా, ఎక్కువగా మల్టిపుల్ స్క్లిరోసిస్, అంటే ఎమ్మెస్ ఉన్నవాళ్ళు, చాలామంది ఉద్యోగం చేసుకుంటూ తమ కారు తామే నడుపుకుంటూ వస్తారు అని చెప్తే, మరి వాళ్ళకేం జబ్బు అంది.

ఆ మాట పెద్దమ్మ ఒక్కతే కాదు, ఆఫీసుల్లో మేనేజర్లూ అంటారు. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర ఈ జబ్బులో దెబ్బతింటుంది, దాంతో మెదడులో కబురు అందడం ఆలస్యమవుతుంది. దాన్ని పట్టుకోవడానికి మా దగ్గర ఒక కాగితం ఉంది: పైన 9 గుర్తులు, ఒక్కోదాని కింద ఒక అంకె, తర్వాత వరసల నిండా ఒట్టి గుర్తులే. 90 సెకన్లలో ఎన్నింటికి వీలైతే అన్నింటికి అంకె పైకి చెప్పాలి. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ సగంలోకి వచ్చేసరికి నుదుటి మీద చెమట పట్టినవాళ్ళని చూశాను. పోయినసారి కంటే 4 మార్కులు తగ్గినా మేం తేలిగ్గా తీసుకోం, ఎందుకంటే అంత తగ్గుదలకీ ఉద్యోగం పోవడానికీ సంబంధం ఉందని పరిశోధనల్లో కనబడింది.

పారిస్‌లో షార్కో అనే నరాల డాక్టరు 1868లోనే ఈ రోగుల్లో జ్ఞాపకం బలహీనపడుతోందని చెప్పాడు. అయినా ఆ తర్వాత చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, వైకల్యాన్ని కొలిచే స్కేలు కూడా ఎక్కువగా నడక మీదే ఆధారపడింది. 1991లో స్టీఫెన్ రావు అనే పరిశోధకుడి బృందం 100 మంది ఎమ్మెస్ వాళ్ళని, 100 మంది ఆరోగ్యవంతులని పోల్చి చూసి, రోగుల్లో 43 శాతం మందికి ఆలోచనాశక్తిలో లోపం ఉందని లెక్కతేల్చింది. వాళ్ళలో చాలామంది నిక్షేపంగా నడిచేవాళ్ళే అయుంటారు.

నాకు బాగా నచ్చింది మాత్రం మా న్యూజెర్సీలోనే జాన్ డెలూకా అనే పరిశోధకుడి బృందం వాళ్ళు 1994లో చూపించిన విషయం. రోగులకీ, మామూలువాళ్ళకీ ఒకే మాటల జాబితా ఇచ్చి, ఇద్దరికీ సమానంగా వచ్చేదాకా చదివించారు. రోగులకి ఎక్కువసార్లు చెప్పాల్సి వచ్చింది, కానీ ఒకసారి వచ్చాక తర్వాత అడిగితే మామూలువాళ్ళలాగే చెప్పారు. అంటే చాలామందిలో లోపం ఉన్నది దాచుకోవడంలో కాదు, మొదట ఎక్కించుకోవడంలో. ఇది తెలిస్తే చేయాల్సిన పని మారిపోతుంది! మాటల్ని బొమ్మలుగా ఊహించుకుని, కథగా అల్లుకుని గుర్తుపెట్టుకునే శిక్షణని 86 మందితో పరీక్షించి 2013లో ప్రచురించారు, 10 తరగతులే, నేర్చుకున్నవాళ్ళలో కొత్త విషయం పట్టుకోవడం మెరుగైంది. మాత్రలు లేవు, మిషన్లు లేవు.

మనవాళ్ళు వచ్చినప్పుడు మాత్రం నాకు టెన్షన్. ఎవరో గుర్తుపట్టేలా రాయను గానీ, హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద ఉన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు నేను తెలుగమ్మాయినని తెలియగానే అడిగే మొదటి మాట "అక్కా, ఈ రిపోర్టు మా కంపెనీకి వెళ్తుందా?" అని. వెళ్ళదు, మీరు సంతకం పెడితే తప్ప ఎవరికీ వెళ్ళదు అని రెండుమూడు సార్లు చెప్తాను. అతని భయం ఊరికే వచ్చింది కాదు, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేకపోతే వీసా మారాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. ఆ భయంతో ఇంటర్వ్యూ అనుకుని పరీక్ష రాస్తారు. అసలే నిద్రలేమి, నీరసం, దిగులు కూడా మార్కుల్ని లాగేస్తాయి, ఏది జబ్బు వల్లో ఏది బెంగ వల్లో విడదీయడానికి మా మేడమ్‌కి గంటలు పడుతుంది.

తర్వాత ఆమె రాసే సలహాలు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మీటింగులో చెప్పింది మెయిల్లో మళ్ళీ పంపమనడం, ఒకేసారి నాలుగు పనులు కాకుండా ఒక్కోటిగా ఇమ్మనడం, గోల లేని చోట సీటు. అమెరికాలో 1990 నుంచి వికలాంగుల హక్కుల చట్టం ఉంది, ఇలాంటివి అడగొచ్చు. కాకపోతే అడిగితే డాక్టరు కాగితం చూపించమనొచ్చు కంపెనీ, అక్కడే మనవాళ్ళు ఆగిపోతారు. ఆ సలహాల్లో మేనేజర్‌ని అడక్కుండా తమంతట తాము చేసుకోగలిగినవి ఏవో పెన్నుతో గీత గీసి చూపించమని వాళ్ళు నన్ను అడుగుతారు, చూపిస్తాను.