ఎమ్‌జీబీ బానెట్ ఎత్తితే తాతయ్యకు తెలిసిన ఇంజినే

విదేశాల్లో పిల్లలతో కలిసి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎమ్‌జీబీని బాగుచేసుకునే తెలుగు కుటుంబాలకు చాలా మంచి సాయం ఊహించని చోట దొరుకుతుంది. ఇండియాలో ఏళ్ళ తరబడి అంబాసిడర్ నడిపి, దాని టాపెట్లు, పాయింట్లు స్వయంగా సెట్ చేసుకున్న తాతయ్యే ఆ సాయం. అంబాసిడర్‌కి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. అందులో దశాబ్దాలపాటు వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజిను, 1962 నుంచి 1980 దాకా తయారైన ఎమ్‌జీబీలోని 1798 సీసీ ఇంజిను రెండూ బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్‌వే. వాల్వుల వరస, 1-3-4-2 ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస), డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) ఉండే వైపు, అన్నీ ఆయన చేతికి అలవాటైనవే. ముందు ఒక్కటి మాత్రం అడిగి తెలుసుకోండి. ఆయన చూసుకున్నది డీజిల్ బండా, 1990లలో వచ్చిన ఇసుజు ఇంజిను బండా? అయితే కింద రాసినవాటిలో చాలావరకు ఆయనకూ కొత్తే.

మొదటి పనిగా టాపెట్ సెట్టింగ్ పెట్టుకోండి, అంటే వాల్వును నొక్కే రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య గ్యాప్ సరిచేయడం. పదేళ్ళు దాటిన పిల్లల చేతికి అందే పని, కారు కిందకి దూరక్కర్లేదు. ఇంజిను పూర్తిగా చల్లగా ఉండాలి కాబట్టి ఉదయమే చేయాలి. అమెరికా తూర్పు తీరంలో వేసవిలో ఉదయం 8 అయితే ఇండియాలో సాయంత్రం 5:30. తాతయ్య తీరిగ్గా కూర్చునే వేళ అది.

కాల్ కలిపే ముందే ఒక ఒప్పందం కావాలి. ‘డ్రైవర్ వైపు’ అన్న మాట వాడకూడదు. ఆయన మనసులో డ్రైవర్ కుడివైపు ఉంటాడు, అంటే డిస్ట్రిబ్యూటర్ వైపు. అమెరికాలోని ఎమ్‌జీబీలో డ్రైవర్ ఎడమవైపు, అంటే కార్బురేటర్ల వైపు. ఆయన ఒకటి చెబితే పిల్ల ఇంకోటి విప్పుతుంది. ‘డిస్ట్రిబ్యూటర్ వైపు’, ‘కార్బురేటర్ వైపు’, ‘రేడియేటర్ వైపు’ అనే మాట్లాడుకోండి. వాల్వులకు రేడియేటర్ వైపు నుంచి 1 నుంచి 8 వరకు నంబర్లు. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలైనా ఈ అంకెలతో పని నడిపించేస్తారు, మధ్యలో అమ్మానాన్నల అనువాదం అవసరం రాదు. మీరు నోరు మెదపకుండా ఫోను పట్టుకుంటే చాలు.

స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి, టాప్ గేరులో వేసి, చదునైన చోట కారును కొద్దికొద్దిగా ముందుకు తోస్తే ఇంజిను తిరుగుతుంది. తొమ్మిది లెక్క ఇక్కడ పనికొస్తుంది. 8వ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు 1వ దాన్ని సెట్ చేయాలి, 7 నొక్కుకుంటే 2ని, 6 అయితే 3ని. ఏ జత కూడినా తొమ్మిదే. పిల్లలు దీన్ని ఒక్కసారికే పట్టేస్తారు. ఎక్కువ బళ్ళకు గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మి.మీ. చివరి సంవత్సరాల బళ్ళలో కొన్నిటికి అంకె వేరు, మాన్యువల్ చూసుకోండి. రాకర్ మీది లాక్ నట్టుకు అర అంగుళం ఏఎఫ్ పానా (ఏఎఫ్ అంటే నట్టు ఎదురెదురు పలకల మధ్య కొలత), మధ్యలోని స్క్రూకి స్క్రూడ్రైవర్.

అసలు విద్య ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని బ్లేడు) పట్టులో ఉంది. బ్లేడు రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య జారాలి, జారుతూ కాస్త పట్టినట్టుండాలి. దాన్ని వీడియోలో చూపించలేం. అందుకని తాతయ్య దగ్గర కూడా ఒక ఫీలర్ గేజ్, ఏదైనా పాత నట్టూ బోల్టూ ఉంటే, ఆయన అక్కడ లాగుతూ చెబుతారు, పిల్ల ఇక్కడ లాగి పోల్చుకుంటుంది. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త తిరిగి గ్యాప్ తగ్గిపోతుంది, కాబట్టి బిగించాక మళ్ళీ బ్లేడు పెట్టి చూడాల్సిందే. గ్యాప్ మరీ తగ్గితే వాల్వు సీటు మీద సరిగా కూర్చోదు, వేడి సీటులోకి పోదు, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. సరిగ్గా పెట్టినా టకటక ఆగకపోతే రాకర్ కొన అరిగి గుంటపడిందేమో చూడండి. బ్లేడు గుంట మీద వంతెనలా నిలిచి, ఉన్నదానికన్నా తక్కువ గ్యాప్ చూపిస్తుంది. అప్పుడు రాకర్ షాఫ్ట్ విప్పేద్దామన్న ఆలోచన వస్తుంది. ఆగండి. దాని పెద్ద నట్లు సిలిండర్ హెడ్‌ని కూడా పట్టి ఉంచుతాయి. కూలెంట్ తీసేసి, హెడ్ నట్లన్నీ వరసలో వదులు చేయకుండా వాటిని మాత్రమే విప్పితే గ్యాస్కెట్ చెడిపోవచ్చు.

శబ్దం విని జబ్బు చెప్పడం పాతవాళ్ళకు వచ్చిన గొప్ప విద్య. వీడియో కాల్ మాత్రం దాన్ని చంపేస్తుంది. చాలా యాప్‌లు ఆగకుండా వచ్చే ఇంజిను మోతను రొదగా లెక్కేసి తగ్గించేస్తాయి. ఫోనును ఇంజినుకు ఒక మీటరు దూరంలో, ఫ్యాను గాలి తగలకుండా పెట్టి విడిగా రికార్డు చేయండి. ఐడిలింగ్‌లో కాసేపు, 2000 ఆర్‌పీఎమ్ దగ్గర కాసేపు, ఆపైన యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు. ఆ ఫైలు పంపించి, ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాక కాల్ చేయండి.

పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును తెంచే కొనల) గ్యాప్ 14 నుంచి 16 థౌ. అది మారితే టైమింగూ (స్పార్కు వచ్చే సమయమూ) మారుతుంది కాబట్టి పాయింట్ల తర్వాతే టైమింగ్. సోలెక్స్ కార్బురేటర్‌కి అలవాటుపడ్డ చేతికి చాలా ఎమ్‌జీబీల్లో ఉండే జంట ఎస్‌యూ కార్బురేటర్లు కొత్తగా ఉంటాయి, అక్కడ పిల్లలు మాన్యువల్ చదివి తాతయ్యకు వివరించే వంతు వస్తుంది. జెట్ నట్టును (పెట్రోలు పాళ్ళను మార్చేది) పూర్తిగా పైకి బిగించి, అక్కడినుంచి రెండు చుట్లు, అంటే 12 పలకలు, కిందికి దించితే మొదటి సెట్టింగ్. ఇంజిను వేడెక్కాక కార్బురేటర్‌లోని పిస్టన్‌ను 0.8 మి.మీ. ఎత్తి చూడండి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైంది, వెంటనే పడిపోతే తక్కువైంది.

ఇక సున్నితమైన సంగతి. పాత రోజుల్లో నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసేవారు, బ్రేకు దుమ్మును గట్టిగా ఊదేసేవారు, ఇటుకలు పేర్చి కారు కిందకి దూరేవారు. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఇటుక చెప్పకుండా పగులుతుంది, యాక్సిల్ స్టాండ్లు తప్పనిసరి. ఈ మాటను పిల్లల చేత తాతయ్యకు చెప్పించకండి. పిల్ల కాదంటే ఆయన చిన్నబుచ్చుకోవచ్చు, కాదనకపోతే పిల్లకే ప్రమాదం. మొదటి కాల్‌కి ముందే మీరు ఆయనతో విడిగా మాట్లాడండి, ‘ఇక్కడ పిల్లలకు ఈ మూడు పనులు మేం ఒప్పుకోం నాన్నా’ అని. కారణం చెబితే ఎక్కువమంది ఒప్పుకుంటారు, కొందరు తామే ఇంకో నాలుగు జాగ్రత్తలు కలుపుతారు.

బ్రేకులు, స్టీరింగ్ మాత్రం ఫోను మీద చేయించకండి. పిల్లలు విప్పడం చూడొచ్చు, ఫొటోలు తీసి తాతయ్యకు పంపొచ్చు. బిగించాక కారును చూడాల్సింది మీ ఊళ్ళో కళ్ళెదుట నిలబడి పరీక్షించగల మెకానిక్.