కారు జీపీఎస్ కొనడం తేలికే, షాపులో పరీక్షించి చూడటమే గండం

ఫోనుండగా కారుకి విడిగా దారి చూపే జీపీఎస్ పరికరం ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. శ్రీశైలం దారిలో, మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక ఫోన్ సిగ్నల్ సంగతి తెలిసినవాళ్లు ఆ మాట అడగరు. మ్యాప్ ముందే ఫోన్లోకి దించుకోవచ్చు, నిజమే. ఎండలో డాష్‌బోర్డు మీద ఫోను కాలిపోయి ఆగిపోతే అప్పుడేం చేస్తారు?

మోడల్ ఎంచుకోవడం పెద్ద పనేం కాదు. మ్యాప్‌లు పరికరంలోనే ఉండాలి, అప్‌డేట్లకి మళ్లీ డబ్బు అడక్కూడదు. నేను చూసింది అంతే.

ఇక షాపు. పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూం, పేరు అనవసరం. కుర్రాడు ఆన్ చేశాడు. నేను కౌంటర్ ముందు నిలబడే ఉన్నాను, తెర మీద బాణం మాత్రం హైవే మీద దూసుకుపోతోంది. "ఇది డెమో, అసలుది చూపించు బాబూ" అన్నాను. డెమో ఆపగానే ఉపగ్రహాల కోసం వెతుకుతున్నానంటూ అక్కడే ఆగిపోయింది. "మీరేదో నొక్కేశారు సార్" అన్నాడు వాడు. ఇంతలో మేనేజర్ వచ్చి, పదిమంది వింటుండగా, "అంకుల్‌కి ఫోన్లో మ్యాప్స్ వాడటం నేర్పించరా" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

కనీసం 4 ఉపగ్రహాల సిగ్నల్ అందితేగానీ అది మనం ఎక్కడున్నామో చెప్పలేదు. అవి ఉండేది 20 వేల కిలోమీటర్ల పైన. స్లాబు కింద పెట్టి వెతకమంటే ఏం వెతుకుతుంది? బయటికి తీసుకెళ్దామంటే సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరట. చివరికి పెద్ద ఉపకారం చేస్తున్నట్టు "పార్కింగ్‌లో చూడండి" అని తీసుకెళ్లారు. తీరా చూస్తే అది సెల్లారు! దండం పెట్టి వచ్చేశాను.

చిన్న షాపాయన నయం. తనే వచ్చి, రోడ్డు మీదున్న నా కారు అద్దానికి అతికించాడు. పెట్టెలోంచి కొత్తగా తీసినది కాబట్టి మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది, మీరు కొన్నా కంగారుపడకండి. ఎందుకో నేనే చెబితే ఆయన శ్రద్ధగా విన్నాడు. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికే అర నిమిషం తీసుకుంటుంది మరి.

హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ కింద రోడ్డు మీద నడిపి చూశాను. పైన వెళ్తున్నాననే అనుకుంది. దానికి మార్కులు తగ్గించలేదు, పైనా కిందా ఒకే చోటైతే ఫోను కూడా తికమకపడుతుంది. ఊళ్ల పేర్లు పలికే తీరు మాత్రం ఘోరం, దాని గొంతు ఆపేసుకోవడమే మేలు.

నల్లమలలో ఫోను చేతులెత్తేసినా ఇది దారి తప్పించలేదు. ఒక్కటే చిక్కు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి చెక్‌పోస్టు మూసేస్తారని దానికి తెలీదు, సాయంత్రం ఆలస్యంగా బయల్దేరినా అదే దారి చూపించి, చేరే టైము కూడా చెప్పేస్తుంది. ఆ లెక్క మీరే వేసుకోవాలి.