నా బీటిల్ ట్యాంకుకి రెండో చిల్లు

మూడు నెలలుగా మా కారు ఎక్కినవాళ్లెవరూ కిటికీలు మూసుకుని కూర్చోలేకపోయారు. మా పాప స్కూలు దగ్గర దిగగానే స్వెట్టరు వాసన చూసుకునేది. "పాత కారు కదా, ఆ మాత్రం పెట్రోలు వాసన ఉంటుందిలే" అని అడిగిన ప్రతివాళ్లూ చెప్పారు. ఆ మాట నేను ఒప్పుకోను. ట్యాంకులో ఉండాల్సింది ఎక్కణ్నుంచో బయటికొస్తోందని దానర్థం. కొత్తలో ఈ కారుకి ఆ వాసన లేదు, ఇప్పుడూ ఉండక్కర్లేదు.

నాది 1972 ఫోక్స్‌వాగన్ బీటిల్. ఆ ఏడు ఫిబ్రవరి 17నే 1,50,07,034వ బీటిల్ తయారై, ఫోర్డ్ మోడల్ టి రికార్డు దాటింది. నాలుగేళ్ల కిందట ఇక్కడే, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కొన్నాను. భీమవరంలో చదువుకునే రోజుల్లో పాత క్యాలెండర్ మీద ఈ బొమ్మ చూసి మనసు పడ్డాను, అంతకంటే కారణం లేదు.

వాసన మొదలయ్యాక ముందు చేసిన పని కారుని గ్యారేజీలోంచి బయట పెట్టడం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేలని పట్టుకుని పాకుతుంది. ఇక్కడి గ్యారేజీల్లో ఓ మూల గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, లోపల చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ మంట నేలకి కనీసం 18 అంగుళాల ఎత్తులో ఉండాలని రూలు పెట్టింది ఇందుకే. వాసన కొడుతున్న కారుని హీటర్ పక్కన పెట్టి పైన గదిలో పిల్లని పడుకోబెట్టడం నావల్ల కాదు.

తర్వాత వారం రోజులు స్పానర్ ముట్టుకోలేదు. వాసన ఎప్పుడు, ఎటునుంచి వస్తోందో చూశాను. బీటిల్‌కి ఇంజను వెనక, ట్యాంకు ముందు. వెనక పంపు దగ్గరో కార్బురేటర్ దగ్గరో కారితే, క్యాబిన్ హీటర్ వేసినప్పుడు వాసన ఎక్కువవుతుంది, ఎందుకంటే ఆ వేడిగాలి ఇంజను దగ్గర్నుంచే వస్తుంది. నాకు హీటరుతో తేడా తెలియలేదు. ఎండలో నిలిపి ఉంచాక తలుపు తియ్యగానే గుప్పుమనేది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మలుపు తిరిగితే ఇంకోసారి గుప్పుమనేది. అంటే ముందు వైపే, ట్యాంకు పైభాగంలోనే. ఈ కారులో ముందు డిక్కీకీ డాష్‌బోర్డుకీ మధ్య అట్ట తప్ప గట్టి గోడ లేదు, అక్కడ లేచిన ఆవిరి తిన్నగా మన ముక్కు దగ్గరికే వస్తుంది.

శనివారం పొద్దున్నే వెనక సీటు లేపి బ్యాటరీ తీగ ఊడదీశాను. మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకున్నాను. ట్యాంకులో ఉన్న పది లీటర్లనీ చేతి పంపుతో క్యానులోకి తోడేసి, డిక్కీలో అట్టలన్నీ తీసేశాను. ట్యాంకు మొత్తం 40 లీటర్లది, పైన గేజీ సెండరు (ఎంత పెట్రోలు ఉందో డాష్‌బోర్డు ముల్లుకి చెప్పేది), పక్కన పెట్రోలు పోసే లావు గొట్టం, ఇంకా సన్నటి ఆవిరి గొట్టాలు. ఆ సన్న గొట్టాలు ఎక్కడికి పోతున్నాయో వేలితో తడుముకుంటూ వెళ్లాను.

వాటి దారి చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది. 1970 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో, 1971 నుంచి అమెరికా అంతటా, ట్యాంకు ఆవిరిని ఊరికే గాల్లోకి వదలకూడదన్నారు. అందుకని బీటిల్‌లో ఆ ఆవిరి ఒక చిన్న గది దాటి, సన్నటి పైపులో వెనక్కి వెళ్లి, కుడి వెనక మడ్‌గార్డు కింద బొగ్గు డబ్బాలో చేరుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు ఆ బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు ఫ్యాను గాలి కొంత ఆ డబ్బాలోంచి ఊది, పట్టుకున్నదాన్ని ఎయిర్ క్లీనర్‌లోకి తోస్తుంది, ఇంజను దాన్ని కాల్చేస్తుంది. ఇంత చక్కటి ఏర్పాటుని చాలామంది పీకి పారేస్తారు. 1975 దాకా వచ్చిన కార్లకి ఇక్కడ స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష, లేదు కదా, అడిగేవాళ్లు లేరని.

నా కారు మడ్‌గార్డు కింద డబ్బా లేదు. గొట్టం చివర ఒక బోల్టు దూర్చి, క్లిప్పుతో బిర్రుగా బిగించి ఉంది.

దాన్ని చూస్తూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మూడేళ్ల కిందటి ఎండాకాలం గుర్తొచ్చింది. అప్పట్లో 680 హైవే మీద సునోల్ గ్రేడ్ అనే ఎత్తు ఎక్కుతుంటే కారు జెర్కులిచ్చి ఆగిపోయేది. ట్యాంకు మూత తీస్తే హుస్సుమని గాలి లోపలికి పీల్చుకునేది, మళ్లీ నడిచేది. అందరూ వేపర్ లాక్ అన్నారు, అంటే వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరై అడ్డుపడటం. నేను పెట్రోలు పైపుకి వేడి తగలకుండా ఏవేవో చుట్టాను. నాన్నకి ఫోన్‌లో చెబితే, "నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే ఎలా వస్తుందమ్మా? గుడగుడలాడి ఆగిపోతుంది. రెండోది పెట్టావా?" అన్నారు. ఆయనది కిరాణా కొట్టు. పదిహేను కిలోల డబ్బాకి మేకుతో ఈ మూలొకటి, ఆ మూలొకటి చిల్లు కొట్టడం చిన్నప్పట్నుంచీ చూశాను. అయినా కారు సంగతి ఆయనకేం తెలుసని పట్టించుకోలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నా ట్యాంకు మూత గాలి ఆడని రకం, రెండో చిల్లు వెనక మడ్‌గార్డు కింద బోల్టు పెట్టి మూసేశారు. పంపు లాగుతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి రాక పెట్రోలు ఆగిపోయేది.

మరుసటి ఏడాదికి కారు ఆగడం మానేసింది. బాగైందనుకున్నాను. బాగవలేదు, ట్యాంకు తనకి వేరే ముక్కు చూసుకుంది. ఎండకి లోపల ఆవిరి పెరిగి, పోయే దారి లేక, ఎక్కడ పెళుసుగా ఉంటే అక్కడ చీల్చుకుంది. ఆ చీలికల్లోంచే గాలి లోపలికీ పోతోంది, అందుకే కారు ఆగట్లేదు. ఆవిరి బయటికీ వస్తోంది, అందుకే వాసన.

ఎక్కడ చీలిందో చూడటానికి బోల్టు తీసి, ఆ చివర సైకిలు పంపు తగిలించాను. ముందు డిక్కీలో షాంపూ నీళ్లు చల్లాను. మా ఆయన వెనక పంపుని మెల్లగా రెండుసార్లు నొక్కారు, అంతే. కంప్రెసర్ మాత్రం ఎవరూ పెట్టొద్దు, ట్యాంకు ఉబ్బి పగులుతుంది. సెండరు చుట్టూ బుడగలు లేచాయి. అయిదు స్క్రూలు విప్పితే కింద గాస్కెట్ బిస్కెట్టులా విరిగింది. లావు గొట్టం అడుగున, చూపు ఆనని చోట, ఇంకో బుడగల వరస. అన్నిటికంటే మోసం చేసింది సన్న గొట్టం. జర్మన్ గొట్టాలకి పైన నూలు అల్లిక ఉంటుంది, చూడ్డానికి నిక్షేపంగా ఉంది. వంచితే లోపలి రబ్బరు పొడిపొడిగా రాలింది. ఇక్కడి పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలుపుతారు, పాత రబ్బరు దానికి తట్టుకోలేదు. మన దేశంలో ఇప్పుడు ఇరవై శాతం. ఫియట్లూ అంబాసిడర్లూ ఉంచుకున్నవాళ్లు పైన అల్లిక చూసి నమ్మకండి, గొట్టం వంచి చూడండి.

మార్చినవి: సెండరు గాస్కెట్, లావు గొట్టం, ఆవిరి గొట్టాలన్నీ, ట్యాంకు అడుగున పెట్రోలు పోయే గొట్టం. ఆ అడుగుదానికి 5.5 మిల్లీమీటర్లదే కొన్నాను. పావు అంగుళంది దొరుకుతుంది గానీ ఒక చుక్క వదులు, క్లిప్పుతో ఎంత నలిపినా ఆ వదులు పోదు. లావు గొట్టం బదులు రేడియేటర్ గొట్టం ముక్క వేసినవాళ్లని చూశాను. అది నీళ్ల కోసం చేసిన రబ్బరు, పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది.

బొగ్గు డబ్బా కోసమే ఆరు వారాలు తిరిగాను. పాత సామాన్లు అమ్మే ఒక స్వాప్ మీట్‌లో దొరికింది. కొనేముందు ఊపి చూశాను. లోపల పెట్రోలు చప్పుడైతే ఆ బొగ్గు ఇక పనికిరాదు. ఇప్పుడు బంకులో గన్ను టక్కుమనగానే ఆపేస్తున్నాను. అంచు దాకా పోస్తే, ఎండకి పొంగిన పెట్రోలు ఆవిరి దారిలోకి పోయి బొగ్గుని తడిపేస్తుంది.

అన్నీ బిగించి మళ్లీ షాంపూ నీళ్లు చల్లితే ఒక్క బుడగ లేవలేదు. ట్యాంకు నింపి, ఆదివారమంతా ఎండలో ఉంచాను. సోమవారం సునోల్ ఎక్కి దిగాను, ఎక్కడా ఆగలేదు. ఇంటికొచ్చి మూత తిప్పితే హుస్సు లేదు. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "రెండోది పెట్టావన్నమాట" అన్నారు.

ఆ రాత్రి కారుని మళ్లీ గ్యారేజీలో పెట్టాను. పొద్దున పాప తలుపు తీసి ముందు ముక్కు మూసుకుంది, తర్వాత మెల్లగా చెయ్యి తీసింది. "అమ్మా, క్రేయాన్ల వాసన వస్తోంది!" అంది. అది ఈ సీట్ల లోపల కుక్కిన గుర్రపు వెంట్రుకల వాసన. కారు కొన్నరోజు నాకు మొదట తగిలిందీ అదే.