ఆరు రాత్రులు, ఆరు చుక్కలు

2025 మే మొదటి వారమంతా భీమిలిలో మా మేడ మీదే గడిపాను. తులారాశిలో వెస్టా అనే గ్రహశకలాన్ని పట్టుకోవాలన్న పట్టుదల. సముద్రపు తేమకు బైనాక్యులర్ అద్దాలు మసకబారుతుంటే, అమ్మ తన చీర కొంగుతో తుడిచి ఇచ్చేది.

రోజూ ఒకే చోట కూర్చుని, కనిపించిన నక్షత్రాలన్నిటినీ పెన్సిలుతో నోటుబుక్కులో గుర్తించాను. మూడో రాత్రి అమ్మే ముందు చూసింది. "ఈ చుక్క నిన్న ఇక్కడ లేదు కదమ్మా!" అంది. నా ఒళ్లు ఝల్లుమంది. ఆరు రాత్రుల్లో అది రెండు చందమామల వెడల్పు కన్నా ఎక్కువే జరిగింది, అదీ నక్షత్రాల మధ్య మామూలుగా జరిగే తూర్పుకు కాక పడమటికి, అంటే వెనక్కి!

నిజానికి వెస్టా వెనక్కి వెళ్లదు. మన రైలు పక్క పట్టాల మీద గూడ్సును దాటేటప్పుడు అది వెనక్కి పోతున్నట్టు ఉంటుందే, అలాంటిదే ఇది. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పరిగెడుతుంది, వెస్టా 19 మాత్రమే. కుజ, గురు గ్రహాల మధ్య తిరిగే ఆ గ్రహశకలానికి సూర్యుడి చుట్టూ ఒక్క ప్రదక్షిణకు 3.63 ఏళ్లు పడుతుంది.

1807లో జర్మన్ ఖగోళవేత్త ఓల్బర్స్ కనుగొన్నది ఈ చుక్కనే. 2011లో నాసా వారి డాన్ అంతరిక్ష నౌక దాని చుట్టూ తిరిగి, దక్షిణ ధ్రువం దగ్గర 500 కిలోమీటర్ల గొయ్యిని దగ్గరగా చూపించింది. వెస్టా వ్యాసమే దాదాపు 525 కిలోమీటర్లు! అంత దెబ్బ తిని కూడా ముక్కలైపోలేదంటే ఎంత గట్టిదో.

ఆ పేజీ మీద అమ్మ తన చేత్తో తేదీలు వేసింది. దాన్ని చించకుండా అలాగే దాచుకున్నాను.